దంతపు పెట్టెకి ధర అడగకండి

లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఒక దంతపు పెట్టె వేలానికి వస్తుంది. కాటలాగులో దాని కింద 'విజగపటం' అని ఉంటుంది, అంటే ఇంగ్లీషువాళ్ల నోట్లో మన విశాఖపట్నం. రెండోరోజుకల్లా ఆ ఫొటో మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది, పౌండ్లని రూపాయల్లోకి మార్చిన అంకెతో సహా. కింద వచ్చే మాటలు ఎప్పుడూ రెండు రకాలే. "దోచుకుపోయారు, వెనక్కి తెప్పించాలి" అనేది ఒకటి. "మా అమ్మమ్మగారింట్లో ఇలాంటిదే ఉంది, ఎంతొస్తుందంటారు?" అనేది రెండోది.

నాకు ఈ రెండూ నచ్చవు. ఆ పెట్టె దోపిడీ సొమ్ము కాదు. అమ్మమ్మగారింట్లో ఉన్నదానికి ధర లేదు, ఉండకూడదు కూడా. పాత వస్తువుల వరకైనా దంతం అమ్మకంమీద నిషేధం సడలించమని అడిగేవాళ్లున్నారు. వద్దనే అంటాను. కాకపోతే అమ్మకాన్ని ఆపిన చట్టమే ఆ పెట్టెల లెక్క కూడా లేకుండా చేసింది. నా గొడవంతా దాని గురించే.

అమ్మకానికే పుట్టినవి

విశాఖలో దంతప్పని మూడు దశల్లో కనిపిస్తుంది. పద్దెనిమిదో శతాబ్దం మొదటి భాగంలో రోజ్‌వుడ్, నల్లచేవ లాంటి గట్టి కర్రని తొలిచి, ఆ గాడిలో దంతపు ముక్క పొదిగేవారు. ముక్కమీద సన్నటి గీతలు చెక్కి, వాటిలో నల్ల లక్క నింపేవారు. అంచుల్లో సాగే పూలతీగలు చూస్తే అచ్చం ఈ తీరం నుంచి ఓడలెక్కిన కలంకారీ అద్దకాల అంచుల్లాగే ఉంటాయి. ఆ శతాబ్దం రెండో సగానికి పద్ధతి మారింది. లోపల చందనపు చెక్క, పైన మొత్తం దంతపు రేకు తాపడం, రేకు మీద యూరప్ అచ్చుబొమ్మల్ని చూసి చెక్కిన మేడలూ చెట్లూ. పంతొమ్మిదో శతాబ్దంలో కొమ్ము, తాబేలు చిప్ప, ముళ్లపంది ముళ్లు చేరాయి. కుట్టుపని పెట్టెలు, టీ డబ్బాలు, ఉత్తరాలు రాసుకునే బల్లపెట్టెలు అప్పటివి. చేసినవాళ్లు కంసాలులు. చేయించుకున్నవాళ్లు కంపెనీ దొరలు.

1756లో ఇక్కడికొచ్చిన మేజర్ జాన్ కార్నీల్ అనే సైనికాధికారి ఈ ఊరి పొదుగుడు పనిని ప్రత్యేకంగా మెచ్చుకుని రాసుకున్నాడు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ పోయాక, 1781లో ఆయన సామాన్లు వేలం వేస్తే, దంతం తాపిన కుర్చీల సెట్టుని మూడో జార్జి రాజు షార్లెట్ రాణి కోసం కొన్నాడు. అవి ఇప్పటికీ బ్రిటిష్ రాజకుటుంబపు సేకరణలో ఉన్నాయి. అంటే మన పనితనం ఇంగ్లండు వేలంపాటలోకి ఎక్కి రెండొందల నలభై ఏళ్లు దాటింది. పాట ఇవాళ కొత్తగా మొదలైంది కాదు.

వీటిని పోయిన విగ్రహాలతో కలిపి మాట్లాడటం దగ్గరే నాకు పేచీ. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి దొంగతనంగా పోయిన శిల్పఫలకం ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలింది. దాన్ని 2016లో వాళ్లు తిరిగి ఇచ్చారు. అది న్యాయం. ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వా బౌద్ధ స్తూపంలో దొరికిన రత్నాలని 2025 మే నెలలో హాంకాంగ్‌లో వేలానికి పెడితే మన ప్రభుత్వం నోటీసిచ్చి ఆపింది, జూలైలో అవి దేశానికి చేరాయి. అది కూడా న్యాయమే. బుద్ధుడి అస్థికలతో కలిపి పూడ్చిపెట్టినవి సరుకు కావు. కానీ కుట్టుపని పెట్టె సరుకే. కొన్నవాడు డబ్బిచ్చి కొన్నాడు, ఓడెక్కించాడు. ఆ కంసాలికి గిట్టుబాటైందా అంటే, అది వేరే ప్రశ్న, పెద్ద ప్రశ్న కూడా. పెట్టెని వెనక్కి తెప్పిస్తే దానికి జవాబు దొరకదు.

కాటలాగు చదవడం

ఫార్వర్డుల్లో తిరిగే అంకెల్లో సగం గందరగోళం కాటలాగుని తప్పుగా చదవడం వల్ల వస్తుంది. ప్రతి వస్తువుకీ రెండు అంకెల అంచనా ఇస్తారు. అది సుత్తి ధరకి అంచనా, అంటే పాట ఆగిన చోటు. వేలం అయ్యాక సైట్‌లో పెట్టే 'అమ్ముడైన ధర'లో చాలాచోట్ల కొన్నవాడి ప్రీమియం, అంటే వేలం హౌసుకి అతను అదనంగా కట్టే రుసుము, కూడా కలిసిపోతుంది. పెద్ద హౌసుల్లో అది పాతిక శాతానికి అటూ ఇటూ. కాబట్టి "అంచనాని దాటేసింది" అని మురిసిపోయే వస్తువు నిజానికి అంచనా లోపలే ఆగి ఉండొచ్చు. అమ్మేవాడితో లోపాయికారీగా ఒప్పుకున్న కనీస ధర ఒకటుంటుంది. అది కింది అంచనాని మించకూడదనేది రివాజు. పాట అక్కడిదాకా రాకపోతే వస్తువు వెనక్కి పోతుంది. ఆ వార్త ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

ఇక వర్ణనలో మాటలు. 'విజగపటం, సుమారు 1790' అని రాస్తే హౌసు తన మాట మీద నిలబడుతున్నట్టు. ఉత్త 'ఆంగ్లో ఇండియన్' అని వదిలేస్తే ఊరు తేల్చలేకపోయారని అర్థం. ముర్షిదాబాదులోనూ దంతప్పని ఉండేది. బొంబాయి, సూరత్ వైపు చిన్నచిన్న ముక్కలతో నక్షత్రాల నమూనా అతికే సదేలీ పని వేరే. కొనేవాళ్లు ముందు అడిగేది కండిషన్ రిపోర్టు. రేకు ఎక్కడ లేచింది, ఎన్ని పెచ్చులు మార్చారు, తాళం అసలుదేనా, కాళ్లు తర్వాత పెట్టినవా, లోపలి అరల మూతలన్నీ ఉన్నాయా. ఇవన్నీ చూశాకే ధర. ఒకే కాలపు రెండు పెట్టెల మధ్య నాలుగైదు రెట్లు తేడా వచ్చేది ఇక్కడే.

విశాఖ పాతబస్తీ వన్ టౌన్‌లో ఉన్న పెట్టెకి ఈ ధరలతో సంబంధమే లేదు. వందేళ్లు దాటిన వస్తువుని ప్రైవేటు మనిషి దేశం దాటించడం పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. అది 1972లో వచ్చి 1976లో అమల్లోకొచ్చిన చట్టం. దంతమైతే వన్యప్రాణి చట్టం కూడా అడ్డు. లండన్‌లో ఎంత పలికినా ఆ బజారుకి ఈ పెట్టె చేరదు.

ఇక్కడ పాత, కొత్త తేడా లేదు

చాలామందికి తెలియని సంగతేమిటంటే, మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పురాతన వస్తువులకి మినహాయింపు లేదు. 1986 సవరణతో మన ఏనుగు దంతం వ్యాపారం ఆగింది. 1991 సవరణతో ఆఫ్రికా దంతం కూడా అందులోకి వచ్చింది. వ్యాపారులు సుప్రీంకోర్టుదాకా వెళ్లారు, 2003లో ఓడిపోయారు. అదే ఏడాది ఇంకో కేసులో, ఎప్పుడో అంతరించిపోయిన మామత్ అనే ఏనుగులాంటి జంతువు దంతానికి కూడా ఈ నిషేధం వర్తిస్తుందని కోర్టు చెప్పింది. మామత్‌కే మినహాయింపు లేనప్పుడు 1790 నాటి పెట్టెకి ఎక్కణ్నుంచి వస్తుంది? అమ్మితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం పాతికవేల జరిమానా.

వస్తువు మీదేనని అటవీశాఖ ఇచ్చిన యాజమాన్య సర్టిఫికెట్ ఉన్నా అమ్మడానికి లేదు. వారసత్వంగా తప్ప మరో దారిలో చేతులు మారడానికి లేదు. వారసత్వంగా వస్తే 90 రోజుల్లోగా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి తెలియజేయాలి. మేనకోడలి పెళ్లికి కానుకగా ఇద్దామనుకున్నా కుదరదు. (బతికున్న ఏనుగుని మాత్రం 2022 సవరణ తర్వాత, సర్టిఫికెట్ ఉంటే, 'మతపరమైన లేదా ఇతర' అవసరాలకి బదిలీ చేయొచ్చు. ఆ 'ఇతర' ఎందుకొచ్చిందో రాసినవాళ్లకే తెలియాలి.)

పది శాతం లెక్క

"బ్రిటన్‌లో పాతవాటికి దారి వదిలారుగా, మనకెందుకు వదలరు?" అనేది నిషేధం సడలించమనేవాళ్ల గట్టి వాదన. బ్రిటన్ దంతం చట్టం 2018లో వచ్చి, 2022 జూన్‌లో అమల్లోకొచ్చింది. 1947 మార్చి 3కి ముందు చేసినదై, ఘనపరిమాణంలో దంతం పది శాతం లోపుంటే రిజిస్టరు చేసుకుని అమ్మొచ్చు. 1918కి ముందుదై, అసాధారణమైన కళావిలువ ఉందని మ్యూజియం నిపుణులు ఒప్పుకుంటే విడిగా సర్టిఫికెట్ ఇస్తారు. వినడానికి బాగానే ఉంది. ఆ లెక్క మన పెట్టెకి కట్టి చూడండి.

పొడవు 30, వెడల్పు 20, ఎత్తు 12 సెంటీమీటర్ల చందనపు పెట్టె అనుకుందాం. చెక్క మందం 1.2 సెంటీమీటర్లు. లోపలి ఖాళీ లెక్కలోకి రాదు కాబట్టి చెక్క సుమారు 2,537 ఘన సెంటీమీటర్లు. అడుగు వదిలేసి మిగతా అయిదు వైపులా రేకు తాపితే 1,800 చదరపు సెంటీమీటర్లు. రేకు మందం 2 మిల్లీమీటర్లయితే దంతం 360 ఘన సెంటీమీటర్లు. మొత్తంలో 12.4 శాతం, అమ్మడానికి లేదు. అదే రేకు ఒకటిన్నర మిల్లీమీటర్లయితే 270, అంటే 9.6 శాతం, అమ్మొచ్చు. అర మిల్లీమీటరు దగ్గర చట్టం అటోఇటో అయిపోతోంది. ఆ అర మిల్లీమీటరు కొలవాలంటే రేకు లేచిన చోటే కొలవాలి, అది కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. రంపంతో చేత్తో కోసిన రేకు మరి. ఈ కొలతలు సరిచూసే యంత్రాంగం మన అటవీశాఖ రేంజి ఆఫీసుల్లో ఉంటుందని నమ్మేవాళ్లుంటే సంతోషం.

దంతం వయసు తేల్చడం ఇంకా కష్టం. రేడియోకార్బన్ పరీక్ష చేస్తే, ఆ ఏనుగు 1950ల అణుపరీక్షలకి ముందుదా తర్వాతదా అన్నది తెలుస్తుంది. దానికి కూడా పెట్టెలోంచి ముక్క తీయాలి. ఆ దంతాన్ని ఎప్పుడు చెక్కారో మాత్రం ఏ పరీక్షా చెప్పదు. పాత దంతపు బిలియర్డ్స్ బంతిని కోసి కొత్త రేకు తాపితే పరీక్షలో పాతదే అని వస్తుంది. పాతదానికి దారి వదలడమంటే కొత్తదానికి ముసుగివ్వడం. ఈ ఒక్క కారణం చాలు నాకు.

దీని ఎదురుగా ఒక ఇబ్బందికరమైన నిజముంది, దాన్ని దాటేయలేను. నిషేధం నిజాయితీగా ఉన్నవాళ్ల చేతులే కట్టింది. వైద్యం ఖర్చుకి అమ్ముకుందామనుకునే కుటుంబానికి దారి లేదు. పాత సామాన్ల వ్యాపారి మాత్రం "ఎముక అని రాసేద్దాం" అని సలహా ఇస్తాడు, నాలుగోవంతు ధర చేతిలో పెడతాడు. పెట్టె అక్కణ్నుంచి ఎక్కడికెళ్తుందో ఎవరికీ తెలియదు.

దంతమా, ఎముకా

అందుకని ముందు మన వస్తువేమిటో మనకి తెలియాలి. మామూలు పదిరెట్ల భూతద్దం చాలు. ఎముకలో నల్లటి చిన్నచిన్న చుక్కలు, గీతల్లాంటి గుంటలు కనిపిస్తాయి. అవి రక్తనాళాలు పోయిన దారులు. దంతంలో అవి ఉండవు. దంతాన్ని అడ్డంగా కోసిన చోట, అంటే గుండ్రటి మూత పైభాగంలోనో బుడిపె చివరనో, ఒకదాన్నొకటి దాటే వంపు గీతలు వలలా కనబడతాయి. అవి బయటి అంచు దగ్గర 115 డిగ్రీలకి మించి విచ్చుకుంటే ఏనుగు, 90 కంటే తక్కువైతే మామత్. రేకుని దంతం పొడవునా కోస్తారు కాబట్టి అందులో వల కనపడదు, సన్నటి అలల్లాంటి చారలే ఉంటాయి. ఇక్కడే చాలామంది పొరబడి "ఇది ప్లాస్టిక్" అంటారు. ప్లాస్టిక్ నకళ్లలో చారలు స్కేలు పెట్టి గీసినట్టు సమాంతరంగా, ఒకే దూరంలో ఉంటాయి.

కాల్చిన సూదితో గుచ్చి చూడమని చెప్పేవాళ్ల మాట వినకండి. దంతమైతే శాశ్వతంగా మచ్చ పడుతుంది, సెల్యులాయిడ్ అయితే అంటుకుంటుంది.

సముద్రపు గాలి, ఏసీ గది

ఈ ఊళ్లో ఈ పెట్టెలు పాడయ్యే తీరు దాదాపు ఒకటే. దంతం తేమని పీల్చి ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. కింద చందనపు చెక్క కూడా అంతే, కానీ రెండూ ఒకే దిక్కున, ఒకే మోతాదులో కదలవు. ఏళ్ల తరబడి సముద్రపు గాలికి అలవాటుపడిన పెట్టెని తీసుకెళ్లి బెడ్‌రూములో ఏసీ ఎదురుగా పెడితే, కొన్ని నెలల్లో రేకు మూలల దగ్గర లేస్తుంది, నారవెంట నెర్రె పడుతుంది. గీతల్లో లక్క పెళుసెక్కి రాలుతుంది. ఇనప మేకులు వాడిన చోట తుప్పు చుట్టూ గోధుమరంగు మచ్చ పాకుతుంది, అది మళ్లీ పోదు. గాలిలో తేమ 45, 55 శాతం మధ్య ఉంటే మేలంటారు. మన ఇళ్లలో అది కుదరని పని. అంకెకన్నా నిలకడ ముఖ్యం. బయటి గోడకి ఆనని చెక్క బీరువాలో, ఉతికిన తెల్లటి నూలుగుడ్డ చుట్టి పెట్టడం మంచిది.

ఇక మన చేతులతో చేసే పాపాలు. చింతపండు, నిమ్మకాయ ఆమ్లాలు దంతాన్నే తినేస్తాయి. తడిగుడ్డ పెడితే రేకు ఉబ్బుతుంది, అతుకు విడిపోతుంది. కొబ్బరినూనె రాస్తే రెండువారాలు మెరుస్తుంది, తర్వాత పసుపెక్కి దుమ్ము పట్టుకుంటుంది. ఫెవికాల్‌తో అతికిస్తే తర్వాత పాతవస్తువుల్ని బాగుచేసే ఏ కన్జర్వేటరూ శుభ్రంగా విడదీయలేడు. లేచిన ముక్కని కవర్లో వేసి, ఎక్కడిదో రాసి పెట్టడమే సరైన మరమ్మతు. రబ్బరు బ్యాండు వేయకండి. దానిలోని గంధకం వెండి కీళ్లని నల్లబరుస్తుంది. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులిపితే చాలు.

రికార్డు చేయడానికి ఒక మధ్యాహ్నం పడుతుంది. కిటికీ వెలుగులో, పక్కన స్కేలు పెట్టి ఆరు వైపులా ఫొటో. తర్వాత మూత లోపల, తాళం, కీళ్లు, సొరుగుల అడుగులు. టార్చిని పక్కనుంచి వాలుగా వేసి ఇంకోసారి తీస్తే రేకు లేచిన చోట్లు నీడగా కనిపిస్తాయి. కొలతలు మిల్లీమీటర్లలో. స్క్రూ ఒకటి వదులై బయటికొస్తే దాని చివర చూడండి. సుమారు 1850కి ముందు స్క్రూలకి మొన ఉండేది కాదు. మొన ఉంటే ఆ కీలు తర్వాత మార్చినదని అనుమానించాలి. సొరుగులో అతికించిన చీటీ ఏదైనా ఉంటే, సగం చిరిగినా సరే, పీకొద్దు. పెట్టె పక్కన పెట్టుకుని తీయించుకున్న పాత స్టూడియో ఫొటో ఇంట్లో ఉంటే, ఏ నిపుణుడి ఉత్తరంకన్నా అది గట్టి సాక్ష్యం.

అమ్ముకోదగ్గవి

దంతం లేని పాత టేకు కుర్చీ, గడియారం, ఇత్తడి సామాను, నాణేలు, చిత్రాలు దేశంలో అమ్ముకోవచ్చు. వందేళ్లు దాటిన రాతి, లోహ విగ్రహాలకీ చిత్రాలకీ పురావస్తు శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి. దేవుడి గదిలో ఉన్నదైనా సరే. పునాది తవ్వితే పది రూపాయల విలువ మించి ఏది దొరికినా కలెక్టరుకి చెప్పాలని 1878 నాటి చట్టం ఇంకా అంటూనే ఉంది.

డబ్బు లెక్క ముందే వేసుకోండి. లక్ష దగ్గర పాట ఆగిందనుకుంటే, ఇరవై శాతం ప్రీమియం 20,000, దానిమీద 18 శాతం జీఎస్టీ 3,600, వస్తువుమీద జీఎస్టీ 5,000 (2025 సెప్టెంబర్ 22 నుంచి ఇది 5 శాతం, అంతకుముందు 12). కొన్నవాడు కట్టేది 1,28,600. అమ్మినవాడి దగ్గర పది శాతం కమీషన్, దానిమీద జీఎస్టీ పోతే 88,200 మిగులుతుంది. ఫొటోలకి, బీమాకి, ముంబైదాకా లారీకి అయ్యేవి ఇంకా తీయలేదు. ఇంటి వాడకం సామాన్లకి లాభంపన్ను లేదు గానీ, చిత్రాలకీ శిల్పాలకీ ఆ మినహాయింపు వర్తించదు.

మళ్లీ ఒక్కసారి గడువు

అసలు సమస్యకొస్తాను. 2003లో కేంద్రం, ఇళ్లలో ఉన్న వన్యప్రాణి వస్తువుల్ని ప్రకటించడానికి 180 రోజుల గడువిచ్చింది. అది గడిచిపోయింది. అప్పుడు పేపర్లో చిన్న ప్రకటన చూసి పరిగెత్తిన కుటుంబాలెన్నని? ఇవాళ తాతగారి పెట్టె బయటపడితే, 90 రోజుల్లో చెప్పాలని చట్టం అంటుంది. వెళ్లి చెబితే "మీ తాతగారి సర్టిఫికెట్ ఏది?" అని అడుగుతారు. అది లేదు. నిజం చెప్పడానికి వెళ్లినవాడు ముద్దాయి అవుతానేమోనని భయపడతాడు. ఎవరైనా నన్నడిగితే "వెళ్లండి" అని ధైర్యంగా చెప్పలేకపోవడానికి కారణం ఇదే. వకీలుని కలిసి వెళ్లండనే చెబుతాను.

2020లో విదేశీ జాతుల పక్షులు, జంతువులు పెంచుకునేవాళ్లకి కేంద్రం ఆరు నెలలు స్వచ్ఛంద ప్రకటన అవకాశమిచ్చింది. కాగితాలు అడగమని కూడా మాటిచ్చింది. చిలకలకి ఇచ్చింది పెట్టెలకి ఇవ్వొచ్చు. చెక్కడపు పని ఉన్న వస్తువులకే పరిమితం చేసి, ముడి దంతాన్ని మినహాయించి, ఫొటోలతో నమోదు చేసి, అమ్మే హక్కు మాత్రం ఎప్పటికీ లేకుండా. గడువిచ్చిన ప్రతిసారీ దొంగ సరుకు తెల్లబడుతుందనే అభ్యంతరం నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ సరుకు తెల్లబరుచుకునేది అమ్ముకోవడానికి. అమ్మకం దారి మూసే ఉంటే, తెల్లబరుచుకుని చేసేదేముంది?

ఉంచుకోలేనివాళ్లు సర్కారుకి అప్పగించవచ్చని 2022 సవరణ చెప్పింది, పరిహారం లేకుండా. అలా అప్పగించిన పెట్టె అటవీశాఖ స్టోరులో కొమ్ములూ చర్మాల మధ్య చేరుతుందనేది నా భయం. అది చేరాల్సింది బీచ్ రోడ్డులో పాత డచ్ బంగళాలో ఉన్న విశాఖ మ్యూజియానికి. వస్తువు సర్కారుదే అయినప్పుడు ఒక శాఖ ఇంకో శాఖకి పంపడానికి ఒక అనుమతి ఉత్తరం కావాలి, అంతే. అది వచ్చేలోగా వేలం హౌసుల పాత కాటలాగుల్లోంచి, విదేశీ మ్యూజియాలు ఉచితంగా పెట్టిన ఫొటోల్లోంచి విశాఖ పనిగా తేలినవాటి జాబితా తయారు చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొలతలు, కాలం, చెక్క, పూతీగ నమూనా, చివరిసారి ఎక్కడ కనబడింది. ఈ అయిదు గడులతో ఒక స్ప్రెడ్‌షీటు తెరిచి, పేరు పెట్టి, పది మందికి ఇస్తే మొదలైపోతుంది.